ఖాళీ ఊళ్లో గంట

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేరనుకుని బియ్యం చెరుగుతున్నాను. పక్క అర్రలోంచి సన్నగా ఒక రాగం వినిపించింది. పాట కాదు. మాటల్లేవు, ఎత్తుపల్లాల్లేవు, ఒకటే స్వరం, తుమ్మెద గోడ కంతలో చిక్కుకున్నట్టు. చాట పక్కన పెట్టి అర్రలోకి పోయాను. వడ్లు పోసుకునే వెదురు గుమ్మి తప్ప అక్కడ ఏమీ లేదు. మనిషెత్తు గుమ్మి, పేడతో అలికింది. రాగం దాని లోపలి నుంచే వస్తున్నది. వంగి చూస్తే అడుగున కోసిన చిన్న కంతలోంచి రెండు కళ్ళు రెప్ప వేయకుండా నన్నే చూస్తున్నాయి.

నేను పెట్టిన కేకకు వాకిట్లో కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. గుమ్మి లోపలి నుంచి అంతకంటే పెద్ద కేక వచ్చింది. ఆ వెంటనే వెదురుకు తల బాదుకుంటున్న చప్పుడు. మా అత్త బాలవ్వ పెరట్లోంచి ఉరికొచ్చి నా నోరు మూసింది.

"ఒర్లకు బిడ్డా, ఒర్లకు. గది మన వినోదనే. నీ సప్పుడుకు భయపడ్డది."

భయపడింది నేనైతే ఓదార్పు ఆమెకా అని నాకు ఒళ్ళు మండింది. మా పెళ్ళికి వినోద రాలేదు. ఆడబిడ్డ లేని పెళ్ళేమిటని మా అవ్వ అడిగితే ఒంట్లో బాగాలేదన్నారు. నన్ను ఊళ్లోకి తీసుకొచ్చేటప్పుడు బ్యాండు మోగినంతసేపూ ఆమె ఆ గుమ్మిలోనే ఉందని ఆ రోజు తెలిసింది.

మా ఆయన శ్యాంసుందర్ మస్కట్‌లో ఉంటాడు, ఎప్పుడో ఒకసారి వచ్చి పోతాడు. లెక్క ప్రకారం ఈ ఇంట్లో నేను ఎక్కువ కాపురం చేసింది వినోద వదినెతోనే అని నవ్వులకు అంటుంటాను. ఆమె మా ఆయనకు అక్క. పెళ్ళి కాలేదు. వెనక అర్రలో కూర్చుని బీడీలు చేస్తుంది. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మళ్ళీ ఆకు. ఆ పనిలో ఉన్నప్పుడు ఆమె ముఖం చూస్తే నాకు కూడా మనసు చల్లబడుతుంది. తంబాకు ఘాటు ఆమెకు పడుతుంది, వెల్లుల్లి పోపు మాత్రం పడదు. ఎందుకని అడిగితే ఆమెకూ తెలియదు.

ఆమెతో ఉండగా ఉండగా ఇల్లు నాకు తెలియని ఇల్లయింది. "నర్మదా, ట్యూబులైటు ఏడుస్తున్నది, బంద్ చెయ్" అనేది. నాకేమీ వినబడేది కాదు. "చెదలు నములుతున్నయి" అనేది. కొన్నాళ్ళకు దర్వాజా మీద వేలు ఆనిస్తే కర్ర పిండిగా రాలింది. ఒక్కోసారి బీడీ చుట్టడం ఆపి, వాకిలి వైపు తల తిప్పి, "ఎవలో నిలబడ్డరు" అనేది. పోయి చూస్తే నిజంగానే ఎవరో, పిలుద్దామా వద్దా అని ఆలోచిస్తూ, చడీచప్పుడు లేకుండా నిలబడి ఉండేవాళ్ళు. ఎవరూ రాని మధ్యాహ్నాల్లో కూడా నేను వాకిలి వైపు చూస్తుండేదాన్ని.

చిన్నప్పుడు దయ్యం పట్టిందని ఆమెను కొండగట్టు అంజన్న గుడికి తీసుకుపోయి మండలం రోజులు ఉంచారట. అంజన్న మీద నాకేం కోపం లేదు, వచ్చినవాళ్ళందరినీ ఆ పిల్ల నెత్తి మీద గంట కొట్టమని ఆయనేమీ చెప్పలేదు. తిరిగొచ్చేసరికి ఆమె అరచేతుల్లో గోళ్ళు దిగిన గుంటలున్నాయని అత్త చెప్పి ఏడ్చేది. గుమ్మికి కంత కోసింది అప్పుడే. పారిపోయి దూరేది ఎలాగూ అందులోకే కదా, గాలైనా ఆడుతుందని.

అసలు సంగతి చెప్పింది కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ. చెవిపోటని తీసుకుపోతే చెవుల డాక్టరు ఆమె దగ్గరికి పంపాడు. ఫ్యాన్ ఆపి, కిటికీ వేసి, చిన్న గొంతుతో వదినెతో చాలాసేపు మాట్లాడింది. దీన్ని ఆటిజం అంటారు, రోగం కాదు, దయ్యం అసలే కాదు, పుట్టుకతో వచ్చిన తీరు అంది. "మనందరి చెవుల్లో ఒక జల్లెడ ఉంటదమ్మా. అక్కర లేని సప్పుళ్ళు అండ్లనే ఆగుతయి. ఈమెకు ఆ జల్లెడ లేదు. అన్నీ ఒక్కపారే మీద వడ్తయి." బస్సులో వస్తుంటే వదినె దూది పెట్టుకున్న చెవులను రెండు చేతులతో మూసుకుని, "నా అసొంటోల్లు ఇంక ఉన్నరంట" అంది. ఇంటికి వచ్చేదాకా నాలుగైదు సార్లు అదే మాట అంది.

అత్త పోయేముందు నాకు అప్పగించింది బంగారం కాదు, గుమ్మి. "ఎవ్వలేమన్న గుమ్మి తియ్యకు బిడ్డా" అంది. ఈ కాలంలో గుమ్మి ఎవరింట్లో ఉంది? కోసిన వడ్లు కోసినట్టే సుల్తానాబాద్ మిల్లుకు పోతున్నాయి. ఊరంతా నవ్వినా నేను తీయలేదు.

మా ఇంటి పక్కనే బడి. అక్కడ చెట్టుకొమ్మకు రైలుపట్టా ముక్క వేలాడదీసి, ఇనుప కడ్డీతో కొడతారు. అదే గంట. నాకే పళ్ళు జిల్లుమంటాయి. వదినెకు అది పుర్రెలో మేకు దిగినట్టుంటుందట. గంట వేళకు ముందే అత్త పాత చీర తలకు చుట్టచుట్టుకుని గుమ్మిలో దూరేది. బడికి సెలవంటే మా ఇంట్లో పండుగ.

నిరుడు బోనాల నాడు వచ్చింది తంటా. ఆ ఏడు తేమ ఉందని మిల్లువాడు వడ్లు తీసుకోలేదు, గుమ్మి నిండా పోయాల్సి వచ్చింది. డప్పులు, పూనకంతో ఊగే శివసత్తులు, వెనక ట్రాక్టరు మీద డీజే డబ్బాలు, అన్నీ వచ్చి మా వాకిట్లోనే ఆగాయి. దూరే చోటు లేక వదినె వీధిలోకి ఉరికింది. పోశమ్మ బోనం ముందు నేల మీద పడి, తన చెయ్యి తానే కొరుక్కుంటూ కేకలు పెట్టింది. ఊరంతా చూసింది.

ఆ తర్వాత ఊళ్లో వరసగా చావులు. బండి మీద పోతూ ఒక పిల్లవాడు, పాము కరిచి ఒక ఆమె, కాలువలో ఇంకొకడు. పోశమ్మ ముందు అడ్డం పడి ఒర్లింది, అమ్మకు కోపం వచ్చింది అన్నారు. ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. రాయమల్లు మామ మా ఇంటికే వచ్చాడు. పక్క వీధిలో నాలుగిళ్ళ అవతల, మంచాన పడ్డ తల్లి సత్తవ్వతో ఉంటాడు, కులపెద్ద. చెడ్డ మనిషి కాదు గానీ మైకు చేతికి చిక్కితే వదలడు.

"కోడలా, గీ ఒక్కసారి ఊకుంటున్నం. ఇంకోపాలి ఊరికి అడ్డం తాకిందంటె ఆమెను యాడన్న ఆశ్రమంల ఇడిసి రావాలె. శ్యాంసుందర్‌కు నేనే ఫోన్ చేస్త" అన్నాడు.

లోపల బీడీలు చుట్టే చేతులు ఆగిపోయాయి. ఆ రాత్రి నుంచి ఆమె అన్నం సరిగా తినలేదు. తెలియని చోట, పది మంది మధ్య, గుమ్మి లేకుండా ఆమె ఒక వారం కూడా బతకదని నాకు తెలుసు.

దోషం పోవాలంటే వనవాసం చేయాలని పెద్దలు తీర్మానించారు. మా దిక్కు అది పాత ఆచారమే. ఒకరోజు ఊరిని మొత్తం వదిలిపెట్టాలి. తెల్లవారకముందే పొయ్యిలు ఆర్పి, ఇళ్ళకు తాళాలు వేసి, మేక, కోడి, కుక్కతో సహా పొలిమేర దాటాలి. దారికి అడ్డంగా ముళ్ళకంప వేస్తారు. దీపాలవేళ దాకా ఊళ్లో నరమానవుడు ఉండకూడదు. ఉన్నారా, వెళ్ళిపోవాల్సిన కీడు వాళ్ళను పట్టుకుని ఊళ్లోనే ఉండిపోతుందంటారు. రాయమల్లు మామ మైకులో మరీ చెప్పాడు: "ముసలోల్లున్న, ముతకోల్లున్న మంచంతోని మోసుకరావాలె. లైన్‌మన్‌కు చెప్పి కరెంట్ సుత బంద్ వెట్టిస్తున్నం."

ఊరంతా చేరేది ఒక్క మామిడితోటలో. అక్కడ డీజే, అన్నం వండే గంజులు, పిల్లలు, కోయడానికి తెచ్చిన కోళ్ళు. వదినె అక్కడ పడిపోతే ఆశ్రమం ఖాయం. ఊళ్లో ఉండి దొరికితే కూడా ఆశ్రమమే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి ఆమెనే అడిగాను.

"ఊళ్ళె ఎవ్వలుండరా?" అంది.

"ఉండరు."

"కుక్కలు? ఫ్యాన్లు? ఏ సప్పుళ్ళు ఉండవా?"

"ఏమీ ఉండవ్ వదినె."

ఆమె ముఖం చూడాల్సింది. జాతరకు తీసుకుపోతామంటే పిల్లల ముఖం అట్లా ఉంటుంది. అంతే, నేను ఖాయం చేసుకున్నాను. మా తల్లిగారింటికి పంపానని అందరికీ చెప్పి, ఆమెను లోపల ఉంచి బయట తాళం వేశాను. వెనక తలుపు గొళ్ళెం లోపలే ఉంది. "బయటికి రాకు" అని పదిసార్లు చెప్పాను. ఫోను ఇవ్వలేదు, అది మోగితే ఆమె నీళ్ళకుండలో పడేస్తుంది.

ఆ రోజు తోటలో డీజే కొడుతుంటే నా పక్కటెముకలు అదిరాయి. పొద్దు నడినెత్తికి వచ్చింది. అన్నాలు వడ్డిస్తున్నారు. అప్పుడు రెండు పాటల మధ్య ఖాళీలో ఊరి వైపు నుంచి వినిపించింది.

ఠంగ్.

పాట మళ్ళీ మొదలవబోతే ఎవరో చెయ్యెత్తి ఆపమన్నారు. డీజే బంద్ అయింది. ఠంగ్. ఠంగ్. కాస్త ఆగి మళ్ళీ ఠంగ్. మనిషి లేని ఊళ్లో, తాళాలేసిన ఊళ్లో, బడిగంట మోగుతున్నది. అన్నం ముద్ద ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగాయి. చంటిపిల్లల నోళ్ళు తల్లులు మూశారు. ఒక ముసలాయన ఊరి వైపు తిరిగి నేల మీద సాగిలపడ్డాడు.

"పోశమ్మ తల్లి ఊళ్ళె తిరుగుతున్నది. ఎవ్వలు కదలద్దు. ఎనుకకు మర్లి సుత సూడద్దు" అన్నాడు.

అంతా చేతులు జోడించారు. గంట మోగుతూనే ఉంది. కొడుతున్నది ఎవరో నాకొక్కదానికే తెలుసు. స్టీలు పళ్ళెం కింద పడితే రోజంతా మాట్లాడలేని మనిషి, ఆ పట్టా ముక్క కింద నిలబడి తన చేతులతో తానే కొడుతున్నదంటే ఎంత కష్టం వచ్చి ఉండాలి? నోరు విప్పితే ఆమె బతుకు పోతుంది. విప్పకపోతే అక్కడ ఏం జరుగుతున్నదో.

అప్పుడే రాయమల్లు మామను చూశాను. అందరూ దండం పెడుతుంటే ఆయన మాత్రం పెట్టలేదు. మైకు చేతిలోనే ఉంది, ముఖంలో నెత్తుటి చుక్క లేదు. పెదవులు ఏదో గొణుగుతున్నాయి.

"అది పోశమ్మ కాదు, మా వినోదొదినె" అన్నాను. అనుకున్న దానికంటే గట్టిగానే అన్నాను. "నేనే ఇంట్ల దాసిపెట్టిన. ఏదో అయింది. నేను పోతున్న."

ఒక్కసారిగా తిట్లు లేచాయి. కంప దాటితే కాళ్ళు విరుగుతాయన్నారు. చెప్పేవాళ్ళకు లేకున్నా వినేవాళ్ళకు బుద్ధుండాలి కదా, నేను వినలేదు. కంప పక్కకు లాగుతుంటే వెనక అడుగుల చప్పుడు. రాయమల్లు మామ చెప్పుల్లేకుండా వస్తున్నాడు. ఇంకెవరూ రాలేదు.

ఆ ఊళ్లో నేను ఏళ్ళ తరబడి తిరిగాను. ఆ రోజు అది నా ఊరు కాదు. ఎర్రటి ఎండలో వీధులు ఊడ్చినట్టున్నాయి. ప్రతి తలుపుకూ తాళం, తాళం మీద పసుపు. కుక్క మొరగదు, కోడి కూయదు. మా అడుగుల చప్పుడు గోడలకు తగిలి వెనక నుంచి ఇంకెవరో వస్తున్నట్టే ఉంది. గంట దగ్గరవుతున్న కొద్దీ నాకే అనుమానం పట్టుకుంది. కొడుతున్నది వదినె కాకపోతే? కీడు వెళ్ళేది ఇవాళే కదా. బడి మలుపు తిరగబోతుండగా గంట ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం గంట కంటే పాడుగా ఉంది. మేమిద్దరం నిలబడిపోయాం. కాసేపటికి సన్నగా రాగం మొదలైంది. వదినె రాగమే. ఒకటే స్వరం. హమ్మయ్య అనుకున్నాను. అంతలో దాని కింద ఇంకొక గొంతు కలిసింది, బావి లోపలి నుంచి వచ్చినట్టు, పగిలిన గొంతు.

రాయమల్లు మామ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అవ్వ..." అన్నాడు. "మా అవ్వ సచ్చిపోయి పాడుతున్నది బిడ్డా."

"సత్తవ్వనా? కాగజ్‌నగర్ల మీ అక్క దగ్గరికి పంపిన అంటివి గద?"

"పంపలే. తుంటి ఇరిగిన మనిషి, ముట్టుకుంటె పాణం పోయినట్టు ఒర్లుతది. మంచంతోని మోసుకరావాలె అని నేనే చెప్పి, నేనే తేకపోతె నవ్వుతరని... నీళ్ళు పక్కన పెట్టి తాళమేసిన."

నేను చెప్పిన అబద్ధమే ఆయనా చెప్పాడు. ఆయన ఇంటి వైపు ఉరికాను.

వాకిట్లో వదినె మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. తల చుట్టూ అత్త పాత చీర, చెవుల్లోంచి దూది బయటికి వచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. కొరుక్కున్న ముంజేయి నుంచి నెత్తురు మోచేతి దాకా కారింది. నోరు తలుపు సందుకు ఆనించి రాగం తీస్తున్నది. ఆ సందులోంచే లోపలి గొంతు బదులిస్తున్నది. సత్తవ్వ బాగున్న రోజుల్లో మా ఇంటికి వచ్చి, మాటా పలుకూ లేకుండా వదినె పక్కన కూర్చుని బీడీ ఆకులు తుడిచేది. వదినె రాగం తీస్తే తనూ కలిపేది. ఊళ్లో ఆ ఒక్క మనిషే ఆమెను ఎందుకట్లా అని అడగలేదు.

మామ చేతిలోంచి తాళంచెవి జారింది. తీసి నేనే తాళం తెరిచాను. ముసలామె మంచం మీద నుంచి పడి నేల మీద ఉంది. నీళ్ళ చెంబు చెయ్యి అందనంత దూరం దొర్లిపోయింది. కరెంటు లేక లోపల కొలిమిలా ఉంది. చేతిలో స్టీలు గిలాస ఉంది, దాని అంచు నేలకు కొట్టీ కొట్టీ వంకర పోయింది. మామ ఆమె తల ఒడిలో పెట్టుకుని నీళ్ళు పోస్తూ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

వదినె కళ్ళు తెరిచి నన్ను చూసింది. "పొద్దటి సంది గిలాస కొడుతున్నది. ఒకటే సప్పుడు. మీకెవ్వలకు వినరాలేదా?" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. తర్వాత ఇంటికి నడిచిపోయి గుమ్మిలో దూరింది. చాలా రోజులు మాట్లాడలేదు. బీడీ ఆకు ముట్టలేదు.

వనవాసం చెడిందని పెద్దలు కూర్చున్నారు. వినోద పేరు ఎత్తబోతుంటే రాయమల్లు మామ లేచాడు. "చెడగొట్టింది నేను. అవ్వను తాళమేసింది నేను. ఇడిసి రావాలంటె నన్ను ఇడిసి రాండ్రి" అని కూర్చున్నాడు. మైకు లేకుండా ఆయన మాట్లాడగా విన్నది అదే మొదటిసారి. ఆశ్రమం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఇంకొందరు మాత్రం, పోశమ్మే వినోద మీదికి వచ్చి గంట కొట్టించిందని, కొబ్బరికాయలు పట్టుకుని డప్పులతో మా వాకిట్లోకి వచ్చారు. చీపురు తిరగేసి వీధి చివరి దాకా తరిమాను. మొక్కులు తగలెయ్య, మొక్కడానికి కూడా డప్పులేనా!

సత్తవ్వ బతుకమ్మ పండుగ దాకా బతికింది. పోయిన రోజు పొద్దున పక్క వీధిలో డప్పులు వినబడగానే నేను వదినె తలకు చీర చుట్టి గుమ్మిలోకి పంపాను. శవం మా ఇంటి ముందు నుంచే పోవాలి, వేరే దారి లేదు. డప్పులు దగ్గరికి వచ్చాయి. మా వీధి మొదట్లో ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఏమైందోనని బయటికి వచ్చాను. పాడె వస్తున్నది. ముందు రాయమల్లు మామ అగ్గికుండతో. డప్పులవాళ్ళు పొరపాటున కూడా మోగకుండా తోలు మీద అరచేతులు ఆనించి నడుస్తున్నారు. ఏడ్చేవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఇంతమంది మనుషులు, మట్టిలో అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు. చూస్తుంటే నాకు భయమేసింది. మా దిక్కు డప్పు లేకుండా పోయేది దిక్కులేని శవమే. అంత అవమానాన్ని ఆయన తన తల్లికి, అందరి ముందు, మా గడప కోసం చేశాడు. నాకు దుఃఖం ఆగలేదు.

పాడెను మా వాకిట్లో దించారు. దింపుడు కల్లం కాలువ గట్టున కదా, ఇక్కడేమిటి అనుకున్నాను. మధ్యదారిలో పాడె దించి, చనిపోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పిలవడం ఆచారం. ప్రాణం ఏ మూలైనా ఉంటే పలుకుతుందని. మామ వంగి, "అవ్వా" అని పిలిచాడు. మూడుసార్లూ పిలిచి, తలెత్తి మా గడప వైపు చూశాడు.

నా వెనక వదినె నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. తలకు చీర లేదు.

"జర నువ్వు విను బిడ్డా" అన్నాడు మామ. "మాకు వినరాదు."

వదినె గడప దిగింది. పాడె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చెవుల్లోంచి దూది తీసేసి, సత్తవ్వ నోటి దగ్గర చెవి పెట్టింది. అంతమందిలో ఒక్క దగ్గు లేదు. చాలాసేపు విన్నది. నాకు నిజంగానే సత్తవ్వ రాగం కలుపుతుందేమో అనిపించి చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

వదినె తలెత్తింది.

"సప్పుడు లేదు కాకా" అంది. "మంచిగ పండుకున్నది."

మామ తల ఊపి పాడె ఎత్తమన్నాడు. బడి దాటి, కాలువ మలుపు తిరిగేదాకా ఎవరూ డప్పు కొట్టలేదు.